పాలిమర్‌లో ముడులు ఎన్ని, ఎలాంటివి: క్రాస్‌లింకింగ్‌ను కొలిచి గుణాలను అంచనా వేసే సమగ్ర మార్గదర్శి

చెన్నైలోని అంబత్తూరు, గిండీ పారిశ్రామికవాడల్లోని చిన్న రబ్బరు కర్మాగారాల్లో తయారైన సరుకు నాణ్యతను తేల్చడానికి మొదట చేతికందేది గట్టిదనాన్ని కొలిచే షోర్ హార్డ్‌నెస్ మీటరు. సూది ఆనించగానే ముల్లు 60 దగ్గర ఆగితే సరుకు సరిగ్గా క్యూర్ అయిందని, అంటే వేడికి లోపలి అణువుల మధ్య ముడులు సరిగ్గా పడ్డాయని, చాలామంది నమ్ముతారు. అయితే ఒకే హార్డ్‌నెస్ ఉన్న రెండు వాషర్లలో ఒకటి వేడినీటి గొట్టం అతుకులో ఏళ్ల తరబడి బిగువుగా నిలిస్తే, రెండోది కొన్ని వారాలకే అణిగిపోయి నీరు కార్చే అవకాశం ఉంది. హార్డ్‌నెస్ అనే ఒక్క అంకెలో కార్బన్ బ్లాక్ (రబ్బరులో కలిపే మసిపొడి) ప్రభావం, నూనె ప్రభావం, గొలుసుల్లాంటి పొడవైన పాలిమర్ అణువుల మధ్య పడిన రసాయన ముడుల (క్రాస్‌లింకుల) ప్రభావం కలగలిసి ఉంటాయి కనుక, ఆ అంకె నుంచి ముడుల వాటాను విడదీసి చూడటం సాధ్యం కాదు. వాషరు మన్నికను నిర్ణయించేవాటిలో ముఖ్యమైనవి ఆ ముడుల సంఖ్య, ఆ ముడుల రకం.

నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపుల నుంచి వచ్చి క్రోంపేటలోని మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రబ్బరు, ప్లాస్టిక్స్ చదువుతున్న విద్యార్థులకూ, శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు కర్మాగారాల ల్యాబుల్లో కొత్తగా చేరిన తెలుగువారికీ ఉపయోగపడాలన్న ఉద్దేశంతో ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ప్రయోగం దగ్గరా లెక్క దగ్గరా ఎక్కువసేపు ఆగుతాను. పాఠ్యపుస్తకాల్లో సులువుగా దొరికే నిర్వచనాల దగ్గర ఆగను.

మొదటి దశ: ముడి పడకముందు గొలుసును తెలుసుకోండి

క్రాస్‌లింకింగ్ ఏమి మార్చిందో చెప్పాలంటే అంతకుముందు ఏమి ఉందో తెలియాలి. సహజ రబ్బరు అంటే సిస్ రూపంలోని పాలీఐసోప్రీన్. అందులో పునరావృతమయ్యే ఒక్కో యూనిట్ అణుభారం 68. అలాంటి యూనిట్లు వేల సంఖ్యలో వరుసగా కలిసి ఒక గొలుసు అవుతుంది. దీని గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత (అంతకు దిగువన పాలిమర్ గాజులా బిగుసుకుపోయే ఉష్ణోగ్రత) సుమారు మైనస్ 70 డిగ్రీల సెల్సియస్ కావడం వల్ల, గది ఉష్ణోగ్రత వద్ద గొలుసులోని భాగాలు నిరంతరం మెలికలు తిరుగుతూ రూపం మార్చుకుంటూ ఉంటాయి. లాగినప్పుడు ఆ మెలికలు విప్పుకొని గొలుసు నిటారుగా సాగుతుంది. నిటారుగా ఉండటానికి గొలుసుకు ఉన్న అమరికలు చాలా తక్కువ, చుట్టుకొని ఉండటానికి ఉన్న అమరికలు లెక్కలేనన్ని. వదలగానే గొలుసు మళ్లీ చుట్టుకునేది ఈ ఎంట్రోపీ కారణంగానే. సాగదీసిన రబ్బరును వేడి చేస్తే మరింత బలంగా ముడుచుకుంటుందని జాన్ గఫ్ 1805లోనే గమనించాడు. ఉక్కు తీగలో కనిపించే స్థితిస్థాపకతకూ దీనికీ మూలాలే వేరు.

పచ్చి రబ్బరులో ఈ ముడుచుకునే గుణం ఉన్నా అది నిలవదు. గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నంతసేపు వెనక్కి లాగుతాయి, సమయం గడిచేకొద్దీ ఆ చిక్కుల్లోంచి జారిపోతాయి. అందుకే పచ్చి రబ్బరు ఎండాకాలంలో జిగురుగా సాగి, చలికాలంలో గట్టిపడుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపిన రబ్బరును వేడి చేసి ఈ లోపాన్ని తొలగించాడు, 1844లో దానికి అమెరికా పేటెంటు పొందాడు. గంధకం అణువులు గొలుసుల మధ్య రసాయన బంధాలు వేయడంతో జారిపోయే దారి మూసుకుపోయింది. ముడికీ ముడికీ మధ్య ఉన్న భాగాలు మాత్రం మునుపటిలాగే కదలగలిగాయి.

కాబట్టి ఏ పాలిమర్‌తో పని మొదలుపెట్టినా మూడు సంగతులు నోటుపుస్తకంలో రాసుకోవాలి: గొలుసు సగటు అణుభారం, గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత, స్ఫటికాలు ఏర్పడే గుణం ఉందో లేదో. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు, పాలిథీన్ దగ్గరికి వచ్చేసరికి ఇబ్బంది పడతారు.

రెండో దశ: జెల్ బిందువును లెక్కగట్టండి

ముడులు ఒక్కొక్కటిగా పడుతున్నప్పుడు పదార్థం క్రమక్రమంగా మారుతుందని అనుకోవడం సహజమే. నిజానికి ఒక నిర్దిష్టమైన చోట హఠాత్తుగా మార్పు వస్తుంది. అంతవరకూ పెద్ద పెద్ద కొమ్మల అణువులుగా ఉన్న పదార్థంలో, పాత్ర ఒక అంచు నుంచి మరో అంచు దాకా వ్యాపించిన ఒకే ఒక అణువు పుడుతుంది. ఆ క్షణం నుంచి అది ఏ ద్రావణిలోనూ పూర్తిగా కరగదు, ఎంత వేడి చేసినా ప్రవహించదు. దాన్నే జెల్ బిందువు అంటారు. పాల్ ఫ్లోరీ 1941లో దీనికి లెక్క చూపించాడు. ఒక్కో అణువుకు మూడు చర్యా స్థానాలు ఉండి అవి తమలో తాము కలిసే వ్యవస్థలో, సగం స్థానాలు చర్య జరిపేసరికి జెల్ వస్తుంది. నాలుగు స్థానాలు ఉంటే మూడో వంతు చాలు. ఒక్కో అణువులోని స్థానాల సంఖ్యలోంచి ఒకటి తీసివేసి, 1ని ఆ అంకెతో భాగిస్తే వచ్చేదే ఈ పరిమితి.

రబ్బరు విషయంలో లెక్క ఇంకా ఆశ్చర్యకరంగా ఉంటుంది. ముందే ఉన్న పొడవైన గొలుసుల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ముడులు పడుతున్నప్పుడు, భార సగటు గొలుసుకు (బరువును బట్టి సగటు కట్టిన పొడవు గల గొలుసుకు) ఒక్క యూనిట్ చొప్పున ముడిలో పాల్గొంటే జెల్ మొదలవుతుంది. 5,000 యూనిట్ల గొలుసు అయితే 5,000లో ఒక్కటి. అంత కొద్ది ముడులతో ద్రవం లాంటిది ఘనం లాంటిది అవుతుంది. కానీ జెల్ బిందువు దాటినంత మాత్రాన ఆ రబ్బరు వాడకానికి పనికిరాదు. వాడుకలో ఉన్న రబ్బరు వస్తువుల్లో దాదాపు వంద యూనిట్లకు ఒకటి చొప్పున, అంటే జెల్ బిందువు కంటే సుమారు యాభై రెట్లు ఎక్కువ ముడులు ఉంటాయి.

దీన్ని ఇంటి దగ్గరే కళ్లారా చూడాలనుకునేవారికి ఒక సులువైన దారి ఉంది. చెన్నైలోని పారీస్ కార్నర్ వైపు నాటుమందుల దుకాణాల్లో వెలిగారం (బోరాక్స్) దొరుకుతుంది. గోరువెచ్చని నీటిలో దాన్ని కరిగించి, పాలీవినైల్ ఆల్కహాల్ ఉన్న జిగురులో చుక్కచుక్కగా కలుపుతూ కలియబెట్టండి. కొన్ని చుక్కల వరకూ చిక్కబడటం తప్ప ఏమీ కనిపించదు, ఆ తర్వాత ఒక్కసారిగా ముద్ద అవుతుంది. అయితే ఈ బోరేట్ ముడులు తెగుతూ మళ్లీ పడుతూ ఉంటాయి కాబట్టి, ఆ ముద్దను పళ్లెంలో వదిలేస్తే మెల్లగా పరుచుకుంటుంది. పిల్లలు చేస్తుంటే పక్కన పెద్దలు ఉండాలి, చేతులు కడుక్కోవాలి, నోట్లో పెట్టుకోనివ్వకూడదు.

మూడో దశ: రియోమీటరు వక్రాన్ని పూర్తిగా చదవండి

కర్మాగారపు ల్యాబులో ముడులు పడుతున్న తీరును ఎప్పటికప్పుడు చూపించే సాధనం మూవింగ్ డై రియోమీటరు. రెండు వేడి డైల (అచ్చుల) మధ్య కొద్దిపాటి కాంపౌండ్ (అన్ని దినుసులూ కలిపిన పచ్చి రబ్బరు) ఉంచి, కింది డైని అర డిగ్రీ వంటి చిన్న కోణంలో అటూ ఇటూ ఊపుతూ, దానికి ఎదురయ్యే టార్క్‌ను (తిప్పే బలాన్ని) నమోదు చేస్తారు. మొదట వేడికి కాంపౌండ్ మెత్తబడి టార్క్ కనిష్ఠానికి దిగుతుంది. తర్వాత ముడులు పడటం మొదలై పైకి లేస్తుంది. కనిష్ఠం 1.2 డెసీన్యూటన్ మీటర్లు, గరిష్ఠం 9.2 అనుకుంటే, తేడా 8.0. అందులో 90 శాతం 7.2 కనుక, టార్క్ 8.4కు చేరిన సమయమే వాడుకలో చెప్పే టీ 90. గరిష్ఠానికీ కనిష్ఠానికీ ఉన్న తేడా ముడుల సాంద్రతకు దాదాపు అనులోమంగా ఉంటుంది. ఫిల్లర్ (కార్బన్ బ్లాక్ వంటి పొడి) వాటా మార్చకుండా గంధకం, యాక్సిలరేటర్ (క్యూర్‌ను వేగవంతం చేసే రసాయనం) మాత్రమే మార్చిన కాంపౌండ్లను పోల్చుకోవడానికి ఈ తేడా చాలా నమ్మకమైన కొలత.

టీ 90 రాసుకొని కాగితం మడిచేయడం మంచి పద్ధతి కాదు. గరిష్ఠం తర్వాత వక్రం ఏమైందో చూడాలి. సహజ రబ్బరులో గంధకం ఎక్కువ, యాక్సిలరేటర్ తక్కువ ఉన్న కాంపౌండ్‌ను 160 డిగ్రీలు దాటించి ఎక్కువసేపు ఉంచితే టార్క్ తగ్గుతూ పోతుంది. ఆ రివర్షన్ అంటే పడిన ముడులు తెగిపోవడం, పొడవైన గంధకపు వంతెనలు చెదిరిపోవడం. వక్రం చదునుగా నిలిస్తే ముడులు వేడిని తట్టుకుంటున్నాయని అర్థం. టార్క్ ఎంత సేపటికీ కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉంటే జాలం ఇంకా మారుతోందని, వస్తువు వాడకంలో మరింత గట్టిపడవచ్చని అనుమానించాలి.

మందమైన వస్తువుల విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే క్యూర్ వేగం దాదాపు రెట్టింపు అవుతుంది, రబ్బరు మాత్రం వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పంపుతుంది. పైపొర టీ 90 దాటి రివర్షన్‌లోకి వెళ్తున్న సమయానికి మధ్యభాగంలో ముడులు సగం కూడా పడకపోవచ్చు. అటువంటి వస్తువును కోసి, పైపొర ముక్కనూ మధ్య ముక్కనూ విడివిడిగా కింది దశలోని పరీక్షకు పెట్టాలి.

నాలుగో దశ: ఉబ్బుదల పరీక్షతో ముడులను లెక్కించండి

ఈ మార్గదర్శిలో నేను అన్నిటికంటే ముఖ్యమైనదిగా భావించే దశ ఇదే. దీనికి ఖరీదైన పరికరం ఏదీ అవసరం లేదు. నాలుగు దశాంశాల త్రాసు, మూత బిగుతుగా ఉండే గాజు సీసాలు, టోల్యూన్, ఓపిక ఉంటే చాలు.

ముడులున్న రబ్బరును మంచి ద్రావణిలో వేస్తే కరగదు, ఉబ్బుతుంది. ద్రావణి గొలుసులను దూరం చేస్తూ లోపలికి చొరబడుతుంది. ముడులు గొలుసులను పట్టి వెనక్కి లాగుతాయి. ఈ రెండు బలాలూ సమమైన చోట ఉబ్బుదల ఆగుతుంది. కాశిమేడు రేవులో ఆరబెట్టిన చేపల వలను చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది: కన్ను ఎంత చిన్నదైతే వల అంత తక్కువగా సాగుతుంది. ఫ్లోరీ, జాన్ రేనర్ 1943లో ఈ సమతౌల్యాన్ని సమీకరణంగా రాశారు.

ప్రయోగం ఇలా చేయాలి. రెండు మిల్లీమీటర్లకు మించని మందం గల షీటు నుంచి సుమారు అర గ్రాము ముక్కలు మూడు కోయండి. ముందుగా వాటిని అసిటోన్‌తో ఎక్స్‌ట్రాక్షన్ చేస్తే నూనె, మైనం, మిగిలిపోయిన యాక్సిలరేటర్ వంటివి బయటికి వెళ్తాయి. ఆరిన తర్వాత ఒక్కో ముక్కను కనీసం 50 మిల్లీలీటర్ల టోల్యూన్ ఉన్న సీసాలో వేసి, వెలుతురు తగలని చోట 72 గంటలు ఉంచి, రోజుకోసారి ద్రావణిని మార్చండి. ఆ తర్వాత ముక్కను తీసి, వడపోత కాగితంతో పైతడిని అద్ది, ముందే తూచి ఉంచిన మూత సీసాలో వెంటనే వేసి తూచండి. చెన్నైలో ఫ్యాను కింద, ఎండాకాలపు గదిలో టోల్యూన్ ఎంత వేగంగా ఆవిరవుతుందో త్రాసు అంకెలు కళ్లముందే దిగిపోతుంటే తెలుస్తుంది, కాబట్టి మూత లేకుండా తూచకండి. చివరగా ముక్కను 60 డిగ్రీల వద్ద వాక్యూమ్ ఓవెన్‌లో బరువు స్థిరపడేవరకూ ఆరబెట్టి మళ్లీ తూచండి. టోల్యూన్ ఆవిరి 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పంటుకోగలదు. మన ఊరి ఉష్ణోగ్రతలో తెరిచి ఉన్న సీసా ఎప్పుడూ ప్రమాదకరమే. ఈ పని మొత్తం ఫ్యూమ్ హుడ్‌లో, మంటకూ స్విచ్చులకూ దూరంగా, ద్రావణికి తగిన గ్లౌజులతో చేయాలి.

ఇప్పుడు లెక్క. ఫిల్లర్ లేని సహజ రబ్బరు ముక్క ఆరిన తర్వాత 0.500 గ్రాములు, ఉబ్బినప్పుడు 2.385 గ్రాములు తూగిందనుకుందాం. ద్రావణి బరువు 1.885 గ్రాములు. టోల్యూన్ సాంద్రత 0.867తో భాగిస్తే 2.174 ఘన సెంటీమీటర్లు. రబ్బరు సాంద్రత 0.92 అనుకుంటే దాని ఘనపరిమాణం 0.543. కాబట్టి ఉబ్బిన ముక్కలో రబ్బరు ఘనపరిమాణ భాగం 0.543ను 2.717తో భాగించగా 0.200. దీనిని ‘ఫై’ అందాం.

సమీకరణానికి రెండు పక్కలు ఉన్నాయి. మొదటి పక్కలో, 1లోంచి ఫైని తీసివేయగా వచ్చిన అంకెకు సహజ సంవర్గమానం తీసుకొని, దానికి ఫైని, ఆపైన ‘కై’ అనే పరస్పర చర్య గుణకాన్ని ఫై వర్గంతో హెచ్చించి కలపాలి. సహజ రబ్బరు, టోల్యూన్ జంటకు కై విలువగా 0.39 వాడుతారు. మన అంకెలతో మైనస్ 0.2231, ప్లస్ 0.2000, ప్లస్ 0.0156 కలిపితే మైనస్ 0.0075 వస్తుంది. గుర్తు వదిలేసి 0.00754గా తీసుకోండి. రెండో పక్కలో, ఫై ఘనమూలంలోంచి ఫైలో సగం తీసివేయాలి: 0.5848లోంచి 0.1000 తీస్తే 0.4848. దీనిని రబ్బరు సాంద్రతతోనూ, టోల్యూన్ మోలార్ ఘనపరిమాణం 106.3తోనూ హెచ్చించి, మొదటి పక్క అంకెతో భాగిస్తే రెండు ముడుల మధ్య గొలుసు భాగపు సగటు అణుభారం వస్తుంది. ఇక్కడ అది సుమారు 6,300. దీన్ని 68తో భాగిస్తే 92 యూనిట్లు, అంటే దాదాపు 92 యూనిట్లకు ఒక ముడి.

ఇదే లెక్కను ఫై 0.30కి చేసి చూడండి. ముడుల మధ్య అణుభారం సుమారు 2,350కి పడిపోతుంది. ఫై ఒకటిన్నర రెట్లు పెరిగితే ముడుల సాంద్రత రెండున్నర రెట్ల పైచిలుకు పెరిగింది. ఉబ్బుదల అంకెలను నేరుగా ముడుల అంకెలుగా చదవకూడదని చెప్పేది ఈ వక్రతే. అలాగే కై విలువను 0.39కి బదులు 0.40 తీసుకుంటే మొదటి లెక్కలో 6,300 కాస్తా సుమారు 6,640 అవుతుంది. అంత చిన్న మార్పుకు ఐదారు శాతం తేడా వస్తోంది కాబట్టి, రిపోర్టులో ఏ కై విలువ వాడారో రాయకపోతే ఆ ఫలితాన్ని మరొక ల్యాబు ఫలితంతో పోల్చడానికి వీలుండదు.

కార్బన్ బ్లాక్ ఉన్న కాంపౌండ్‌లో ఫిల్లర్ ఉబ్బదు. ఆరిన బరువులోంచి ఫిల్లర్, జింక్ ఆక్సైడ్ వాటాలను ఫార్ములా ప్రకారం తీసివేసిన తర్వాతే ఫైని లెక్కించాలి. రబ్బరు గట్టిగా అంటుకున్న ఫిల్లర్ రేణువులు చుట్టుపక్కల గొలుసులను ఉబ్బనివ్వవు కాబట్టి, అప్పటికీ వచ్చే అంకె అసలు ముడుల కంటే ఎక్కువనే చూపిస్తుంది. ఈ ప్రభావానికి జెరార్డ్ క్రాస్ 1963లో సవరణ ఇచ్చాడు. ఒకే రకం ఫిల్లర్‌ను వేర్వేరు మోతాదుల్లో కలిపిన కాంపౌండ్లు నాలుగైదు చేయగలిగితే తప్ప ఆ సవరణ జోలికి వెళ్లవద్దని నా సలహా.

ఐదో దశ: సాగదీసి సరిచూడండి

ఉబ్బుదలతో వచ్చిన అంకె నిజమో కాదో తేల్చడానికి పూర్తిగా వేరైన మరో కొలత కావాలి. రబ్బరు దృఢతా గుణకం దాని సాంద్రత, వాయు స్థిరాంకం, పరమ ఉష్ణోగ్రతల లబ్ధాన్ని ముడుల మధ్య అణుభారంతో భాగించగా వస్తుంది. 300 కెల్విన్ వద్ద పై మూడింటి లబ్ధం 2.29 మెగాపాస్కల్ కిలోగ్రాములు ఒక్కో మోల్‌కు. దాన్ని 6.3తో (6,300 గ్రాములంటే 6.3 కిలోగ్రాములు) భాగిస్తే 0.36 మెగాపాస్కల్. డంబెల్ ఆకారపు ముక్కను రెట్టింపు పొడవుకు లాగితే ఈ సిద్ధాంతం ప్రకారం పడాల్సిన ప్రతిబలం 0.36ను 1.75తో హెచ్చించగా 0.63 మెగాపాస్కల్. టెన్సైల్ యంత్రం మీద వచ్చే 100 శాతం మాడ్యులస్ (రెట్టింపు పొడవు దగ్గర కొలిచిన ప్రతిబలం) సాధారణంగా దీనికంటే కొంత ఎక్కువ ఉంటుంది. ముడుల మధ్య ఇరుక్కుపోయిన చిక్కులు తాత్కాలిక ముడుల్లా పనిచేయడమే దానికి కారణం. రెండూ దగ్గరగా ఉంటే మీ ప్రయోగం సరైనదే. కొలత సిద్ధాంతం కంటే బాగా తక్కువగా వస్తే మాత్రం గొలుసు చివర్లను గుర్తుచేసుకోవాలి. ప్రతి గొలుసుకూ రెండు కొసలు ఉంటాయి, వాటికి రెండో వైపు ముడి లేదు కనుక అవి బరువు మోయవు. రబ్బరును నలిపే రోలర్ల మిల్లు మీద అతిగా నలిపి గొలుసు అణుభారాన్ని 1,00,000కు తెచ్చిన రబ్బరులో, ముడుల మధ్య 6,300 ఉన్నప్పుడు ఈ నష్టం దాదాపు 13 శాతం. గంధకం పెంచి దీన్ని పూడ్చాలని చూసేవారు మూలకారణాన్ని మిల్లు దగ్గరే వదిలేస్తున్నారు.

ఆరో దశ: ముడి రకాన్ని గుర్తించండి

ముడుల సంఖ్య ఒకటే అయినా గుణాలు వేరుగా ఉండటానికి కారణం బంధాల బలంలో ఉంది. గంధకానికి బదులు వాడే పెరాక్సైడ్ వేసే కార్బన్–కార్బన్ ముడి బంధశక్తి మోల్‌కు సుమారు 350 కిలోజౌళ్లు. ఒకే గంధకం పరమాణువు ఉన్న ముడికి 285, రెండు ఉన్నదానికి 268, అంతకంటే పొడవైన వంతెనలకు ఇంకా తక్కువ. నూరు పాళ్ల రబ్బరుకు గంధకం 2 నుంచి 3.5 పాళ్లు, యాక్సిలరేటర్ 0.4 నుంచి 1.2 పాళ్లు వేసే సాధారణ పద్ధతిలో ఎక్కువగా పొడవైన వంతెనలే ఏర్పడతాయి. గంధకం ఒక పాలు కంటే తగ్గించి, యాక్సిలరేటర్‌ను దానికి అనేక రెట్లు పెంచిన ఈవీ (ఎఫిషియంట్ వల్కనైజేషన్) పద్ధతిలో ఒక గంధకపు ముడులు ఎక్కువవుతాయి.

బలహీనమైన పొడవైన వంతెనలు చెడ్డవని తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. అధిక బలం పడినప్పుడు అవి తెగి, పక్కన మళ్లీ కలిసి, ఆ బలాన్ని చుట్టుపక్కల గొలుసులకు పంచుతాయి. అందుకే పదే పదే వంగే వస్తువుల్లో, చీలికను అడ్డుకోవాల్సిన చోట్ల అవే మేలు. అదే గుణం వేడిలో శత్రువవుతుంది. వేడిలో నొక్కి ఉంచిన వాషరులో ఆ వంతెనలు తెగి, నొక్కబడిన ఆకారంలోనే కొత్తగా ముడిపడతాయి, ఒత్తిడి తీసినా వాషరు తిరిగి లేవదు. కంప్రెషన్ సెట్ అనే పరీక్ష కొలిచేది దీన్నే. వేడినీటి గొట్టానికి ఈవీ లేదా పెరాక్సైడ్, స్ప్రింగులా పనిచేసే మౌంటుకు సాధారణ పద్ధతి అన్న ఎంపిక ఇక్కడి నుంచే వస్తుంది.

ల్యాబులో ముడి రకాన్ని వేరుచేయాలంటే నాలుగో దశనే రెండుసార్లు చేయాలి. పిపరిడీన్‌తో కలిపిన ప్రొపేన్–2–థయోల్ ద్రావణంలో నైట్రోజన్ వాతావరణంలో రెండు గంటలు ఉంచితే పొడవైన వంతెనలు మాత్రమే తెగుతాయి. పిపరిడీన్‌లో హెక్సేన్ థయోల్‌తో 48 గంటలు ఉంచితే రెండు గంధకాలవి కూడా తెగుతాయి. ముందూ తర్వాతా ఉబ్బుదలతో వచ్చిన ముడుల సాంద్రతల తేడాయే ఆయా రకాల వాటా. థయోల్ దుర్వాసన భరించడం కష్టం కాబట్టి, హుడ్ సౌకర్యం సరిగా లేనిచోట ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

ముడుల సంఖ్య పెరిగేకొద్దీ ఏ గుణం ఎటు పోతుందో కూడా ఈ దశలోనే కాగితం మీద గీసుకోవాలి. దృఢత, హార్డ్‌నెస్ పెరుగుతూ పోతాయి. తెగేముందు సాగే పొడవు తగ్గుతుంది, బలం తీసేశాక శాశ్వతంగా మిగిలే రూపభేదం తగ్గుతుంది, లాగి వదిలినప్పుడు వేడిగా పోయే శక్తి తగ్గుతుంది. తెగే బలమూ చీలిక నిరోధమూ మాత్రం కొంతవరకూ పెరిగి, శిఖరానికి చేరి, ఆపైన పడిపోతాయి. ముడుల మధ్య భాగాలు మరీ పొట్టివైతే బలాన్ని పంచుకునే వెసులుబాటు పోతుంది, సహజ రబ్బరులో సాగినప్పుడు స్ఫటికాలు కట్టి తెగకుండా ఆపే గుణం కూడా దెబ్బతింటుంది. గరిష్ఠ టార్క్ ఎంత పెరిగితే సరుకు అంత బలమైనదన్న నమ్మకానికి ఈ శిఖరమే జవాబు. గంధకం 30 పాళ్లు దాటించి బాగా క్యూర్ చేస్తే గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతను దాటిపోయి, మెత్తటి రబ్బరు ఎబొనైట్ అనే గట్టి పదార్థం అవుతుంది.

ఏడో దశ: రబ్బరు దాటి చూసేటప్పుడు ప్రశ్న మార్చండి

పాలిథీన్‌లో ముడులు పడే సమయానికి గొలుసులు ఏ స్థితిలో ఉన్నాయన్నది కూడా తేడా తెస్తుంది. విద్యుత్ కేబుళ్ల ఇన్సులేషన్‌లో డైక్యూమిల్ పెరాక్సైడ్‌తో కరిగిన స్థితిలో ముడులు వేస్తారు. చల్లబడేటప్పుడు ఆ ముడులు స్ఫటికాల్లో ఇమడలేక స్ఫటికత కొంత తగ్గుతుంది. ఘనస్థితిలో ఎలక్ట్రాన్ కిరణాలతో ముడులు వేస్తే స్ఫటికాలు చాలావరకు అలాగే ఉండి, వాటి మధ్య ఉన్న అస్తవ్యస్త భాగాల్లోనే ముడులు పడతాయి. గది ఉష్ణోగ్రత వద్ద పాలిథీన్ దృఢతను నిర్ణయించేవి ప్రధానంగా స్ఫటికాలు కాబట్టి, ముడులు వేసినందువల్ల ఆ ఉష్ణోగ్రతలో అది గట్టిపడుతుందని ఆశించకూడదు. ప్రయోజనం స్ఫటికాలు కరిగిన తర్వాత తెలుస్తుంది: మామూలు పాలిథీన్ ప్రవహించే చోట ఇది రబ్బరులా నిలుస్తుంది. పీవీసీ ఇన్సులేషన్‌కు నిరంతర పరిమితి 70 డిగ్రీలు అయితే, దీనికి 90 డిగ్రీలు, షార్ట్ సర్క్యూట్ సమయంలో 250 డిగ్రీల వరకు అనుమతిస్తారు.

దీనికి వాడే హాట్ సెట్ పరీక్ష సులువైనది. డంబెల్‌కు చదరపు సెంటీమీటరుకు 20 న్యూటన్ల బరువు వేలాడదీసి 200 డిగ్రీల ఓవెన్‌లో 15 నిమిషాలు ఉంచితే, సాగుదల 175 శాతం మించకూడదు. బరువు తీసి చల్లార్చాక మిగిలే సాగుదల 15 శాతం మించకూడదు. నీటి గొట్టాలకైతే మరిగే జైలీన్‌లో కరగకుండా మిగిలిన జెల్ శాతాన్ని తూచి చూస్తారు. పెరాక్సైడ్ రకానికి కనీసం 70, సిలేన్ (సిలికాన్ సమ్మేళనం) రకానికి 65, కిరణాల రకానికి 60 ఉండాలి. జెల్ శాతం ఒక్కటే ముడుల సాంద్రతను చెప్పదు. 70 దాటాక ముడులు రెట్టింపైనా జెల్ కొద్దిగానే పెరుగుతుంది.

సిలేన్ రకం తేమతో ముడిపడుతుంది. వానాకాలపు చెన్నై గాలిలో సంచి మూతి తెరిచి ఉంచితే గింజలు సంచిలోనే ముడిపడటం మొదలుపెట్టి, ఎక్స్‌ట్రూడర్‌లో గడ్డలుగా వస్తాయి. కొత్త సంచిని పొడిచోట ఉంచి, ఆ పూటకు కావలసినంతే తెరవాలి.

ఎపాక్సీలో తూకమే ముడుల సంఖ్యను నిర్ణయిస్తుంది. ఎపాక్సీ తుల్యభారం 190 ఉన్న రెజిన్‌కు, క్రియాశీల హైడ్రోజన్ తుల్యభారం 24.4 ఉన్న ట్రైఇథిలీన్ టెట్రమీన్‌ను వాడితే, 24.4ను 100తో హెచ్చించి 190తో భాగించగా నూరు పాళ్లకు 12.8 పాళ్లు వస్తుంది. ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. మిగిలిన అమీన్ వల్ల గొలుసు కొసలు ఊరికే వేలాడి, గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత పడిపోతుంది. క్యూర్ సాగేకొద్దీ ఆ ఉష్ణోగ్రత పెరుగుతూ గది ఉష్ణోగ్రతను అందుకోగానే గొలుసుల కదలిక నిలిచిపోయి, చర్య మధ్యలోనే ఆగుతుంది. పోస్ట్ క్యూర్ (తర్వాత మళ్లీ వేడి చేయడం) చేసేది ఆ ఆగిన చర్యను ముందుకు నడపడానికే.

చివరగా తోలు. క్రోంపేటకు ఆ పేరు తెచ్చిన క్రోమ్ లెదర్ కర్మాగారం చేసిన పని కూడా క్రాస్‌లింకింగే. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో నిర్మాణాన్ని ప్రతిపాదించిన మూడు పేటల కొల్లాజెన్‌లో, ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాల కార్బాక్సిల్ సమూహాలను క్రోమియం అయాన్లు పట్టుకొని పక్కపక్క గొలుసులను కట్టివేస్తాయి. పచ్చి చర్మం నీటిలో 60 నుంచి 65 డిగ్రీల దగ్గర ముడుచుకుపోతే, క్రోమ్ తోలు 100 డిగ్రీలు దాటినా నిలుస్తుంది. దీన్ని కొలవాలంటే సన్నని పట్టీని ద్రవంలో వేలాడదీసి, నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున వేడి పెంచుతూ, పొడవు మొదటిసారి తగ్గిన ఉష్ణోగ్రతను రాసుకోవాలి. క్రోమ్ తోలుకు మామూలు నీరు ముందే మరిగిపోతుంది కాబట్టి, నీటిలో గ్లిసరాల్ కలిపి వాడండి, ఆ మిశ్రమం నిష్పత్తిని ఫలితం పక్కనే నమోదు చేయండి.